తేరుకోవడం, తేల్చుకోవడం: రెండు మాటల మధ్య వ్యవధి

నాన్న పోయిన పదకొండో రోజు. జనగామ పక్కన మా ఊళ్లో భోజనాలు కాగానే పెద్దమనుషులు అరుగు మీద చేరారు. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుందా, హైదరాబాదుకు మా దగ్గరికి వస్తుందా, ఇల్లు అమ్మాలా వద్దా, ఇయ్యాలనే తేల్చెయ్యాలన్నారు. మా మేనత్త లోపలి నుంచి వచ్చి, "వదిన ఇంక తేరుకోనే లేదు, అప్పుడే తేల్చమంటరేంది?" అంది. అరుగు మీద ఎవరూ మళ్లీ మాట్లాడలేదు.

హైదరాబాదులో మేముండే నాచారం తిరిగొచ్చాక కూడా ఆ వాక్యం నన్ను వదల్లేదు. అందులో ఉన్న రెండు క్రియలూ నీళ్లకు సంబంధించినవే. వానాకాలంలో బావినీళ్లు ఎర్రగా వస్తే మా అమ్మమ్మ కుండలో పోసి కదలకుండా ఉంచేది. మడ్డి అడుగుకు దిగి, పైన తేట నిలిచేది. అదే తేరడం. తొందరగా కావాలంటే కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. మనిషి దుఃఖం నుంచి తేరుకున్నాడన్నా ఇదే మాట. ఇక తేల్చడమంటే మునిగి ఉన్నదాన్ని పైకి తేవడం. బురదనీళ్లలో ఏది తేలిందో ఎట్లా కనబడుతుంది?

ఇంకోటి గమనించండి. పెద్దలు అన్నది "తేల్చెయ్యాలి" అని. అది ఎవరైనా చెయ్యొచ్చు. "తేల్చుకోవడం" మాత్రం ఎవరికి వాళ్లే చెయ్యాలి. ఆ మాటలో "కో"గా వినబడే చిన్న "కొను" అమ్మకు దక్కాల్సిన హక్కు అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జవాబు 1: బాగుంది. కానీ నాన్చడం కూడా నీళ్ల మాటే కదండీ! మా ఇంట్లో ఒక సంబంధం విషయం రెండేళ్లు నానింది. తేరనివ్వడానికీ నాన్చడానికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

జవాబు 2: పాతబస్తీలో పెరిగినవాణ్ణి, మాకు "ఫైసల" అలవాటు. దాని అరబ్బీ ధాతువుకు వేరుచేయడమని అర్థం. ఇద్దరి పంచాయితీ మూడోవాడు విడదీస్తే ఫైసల. మీ అమ్మగారి సంగతికి తేల్చుకోవడమే సరైన మాట.

జవాబు 3: తొందరపెట్టేవాళ్లను "ఇప్పుడేం కొంపలు మునిగాయి?" అంటాం. కొంపలు నిజంగానే మునిగిన ఊరు మన హైదరాబాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగితే అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. అప్పుడు చెట్టెక్కడానికి ఆలోచన అక్కర్లేదు. వరద తీశాక మాత్రం ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించి, నదిని చదివించి, మూసీ మీద గండిపేట జలాశయం 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తిచేశారు. నీళ్లు మెడదాకా వచ్చినప్పుడు తీసుకునే నిర్ణయం వేరు, తీశాక తీసుకునేది వేరు.

మొదటి జవాబుకు నా మాట: నానేసిన పప్పును మరిచిపోతే పులుస్తుంది. తేరడానికి పెట్టిన కుండను మరిచిపోం, వంగి అడుగు కనబడుతుందా అని చూస్తుంటాం. మేము దసరా దాకా అని గడువు పెట్టుకున్నాం. ఈలోపు అమ్మ రెండు నెలలు నాచారంలో ఉంది, రెండు నెలలు ఊళ్లో ఒంటరిగా ఉండి చూసింది. రాత్రిళ్లు భయమేస్తుందా, మందులెవరు తెస్తారు, మా మూడో అంతస్తులో పగలంతా ఎవరితో మాట్లాడాలి, ఇవన్నీ ఉండి చూస్తేనే తెలిశాయి. అరుగు మీద కూర్చుంటే ఒక్కటీ తెలిసేది కాదు. మేనత్త సలహా ఇవ్వలేదు, రోజూ ఫోన్ చేసి అడిగేది అంతే. ఆమెను నేను చిల్లగింజ అనే అనుకుంటాను.

సద్దుల బతుకమ్మ తెల్లారి అమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది: "ఇల్లు అమ్మేది లేదు. పొలం కౌలుకిద్దాం. ఎండాకాలం మీ దగ్గరుంట, మిగిలిన దినాలు ఇక్కడ్నే. నేను తేల్చుకున్న."

మీ వైపు నీళ్లు తేరడాన్ని ఏమంటారు? చిల్లగింజకు ఇంకో పేరుంటే రాయండి.