లెక్చరర్లకు డ్రోన్, మ్యాపింగ్ నేర్పాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

డెల్టా టీచర్:
అందరికీ నమస్కారమండీ. గోదావరి డెల్టాలో ఒక వ్యవసాయ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లకు డ్రోన్, మ్యాపింగ్ మీద వారం రోజుల శిక్షణ నడిపే పని నాకు అప్పగించారు. నాకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. వచ్చేవాళ్లలో చాలామంది మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ముట్టుకోలేదు. మాకున్నవి పది లీటర్ల పిచికారీ డ్రోను, మామూలు కెమెరా ఉన్న రెండు కిలోల లోపు డ్రోను. మొదటి రోజే ఎగరేసి చూపిస్తే హుషారొస్తుందని మావాళ్లు అంటున్నారు. ఆ హుషారు ఫోన్లో వీడియోలు తీసుకోవడంతోనే ఆగిపోతుందని నా భయం. తిరిగి వెళ్లాక వాళ్లు తమ పిల్లలకు పాఠం చెప్పగలగాలి. ఇలాంటి శిక్షణ నడిపినవాళ్లు చెప్పండి.

మ్యాపుల మాస్టారు:
మేడమ్, నేను ఈ శిక్షణల్లో మ్యాపింగ్ భాగం చెబుతుంటాను. మొదటి రెండు రోజులు డ్రోన్ పెట్టె తెరవకండి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. ఎవరి కాలేజీ పొలం హద్దులు వాళ్లచేతే గీయించండి, పైరు ఎంత పచ్చగా, ఏపుగా ఉందో చెప్పే ఎన్‌డీవీఐ అనే సూచిక కట్టించండి. ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు, అంటే ఎకరానికి నలభై గళ్లే. ఖరీఫ్‌లో మబ్బుల వల్ల చాలా తేదీలు పనికిరావు. ఈ రెండు ఇబ్బందులూ చూశాక డ్రోన్ ఎందుకో మీరు చెప్పక్కర్లేదు.

మీ కెమెరాతో ఎన్‌డీవీఐ రాదు. దానికి కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని పట్టే కెమెరా కావాలి. మామూలు ఫొటోలోంచి పచ్చదనం సూచిక ఏదైనా కట్టించవచ్చు గానీ దానికి ఎన్‌డీవీఐ అని పేరు పెట్టనివ్వకండి. తప్పు పేరు లెక్చరర్ నోట్సులోకి వెళ్తే ఏళ్ల తరబడి పిల్లల పరీక్ష పేపర్లలో వస్తుంది.

వరి మీద ఎగరేసేటప్పుడు ఇంకో చిక్కుంది. చేనంతా ఒకేలా ఉంటుంది, గాలికి ఆకులు ఊగుతాయి. రెండు ఫొటోల్లోనూ ఉన్న ఒకే బిందువు ఫొటోలు అతికే సాఫ్ట్‌వేర్‌కు దొరక్క మ్యాపులో చిల్లులు పడతాయి. గాలి లేని పూట చూసుకుని కాస్త ఎత్తులో ఎగరేయండి. ఫొటోలు ముందువెనకలుగా 80 శాతం, పక్కలకు 70 శాతం ఒకదానిమీద ఒకటి పడాలి. గట్లు, కాలువ, మోటారు షెడ్డు ఫొటోల్లోకి వచ్చేలా చూసుకోండి. ఫొటోలన్నీ ఒకే మ్యాపుగా అతకడానికి వెబ్‌ఓడీఎం అనే సాఫ్ట్‌వేర్ చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, మ్యాపులో మచ్చ కనబడగానే అందరినీ చేలోకి దింపండి. నత్రజని తక్కువైనా, జింకు లోపమైనా, సుడిదోమ అయినా పైనుంచి కనబడేది మచ్చే. దుబ్బు విడదీసి మొదట్లో చూస్తేనే దోమ తెలుస్తుంది. ఆకు పచ్చదనంతో పోల్చి నత్రజని అంచనా వేసే ఆకు రంగుల పట్టిక చేతిలో ఉండాలి, చూసిన ప్రతి చోటా ఫోన్లో జీపీఎస్ గుర్తు పెట్టించాలి. నేలల లెక్చరరు, పురుగుల లెక్చరరు ఒకే మచ్చ దగ్గర నిలబడి వాదించుకోనివ్వండి. ఆ పూటకు వేరే పాఠం పెట్టుకోకండి.

కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉద్యోగి:
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి. పాలిటెక్నిక్ పిల్లలు పదో తరగతి అవగానే చేరతారు కాబట్టి, చాలామందికి డిప్లొమా చదువుతుండగా అది రాదు. వాళ్లకు ఇప్పుడే పనికొచ్చేది మ్యాపు చదవడం. రెండు కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా వాడితే సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, పిచికారీ డ్రోన్‌కు తప్పనిసరి. ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో మీ పొలం ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే అనుమతి లేకుండా 200 అడుగుల ఎత్తు దాటకూడదు.

డెల్టా టీచర్:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. మొదటి రెండు రోజులూ క్యూజీఐఎస్, ఉపగ్రహ చిత్రాలే. తర్వాత చిన్న డ్రోను, ఆ వెంటనే చేలో నడక. పిచికారీ డ్రోన్ చివరి రోజు, అదీ ఉత్త నీళ్లతో. తడి తగిలితే నీలంగా మారే పసుపు కాగితాలు దుబ్బుల్లో పైనా కిందా కట్టి, చుక్కలు ఎంత లోపలికి దిగుతున్నాయో లెక్కపెట్టిస్తాను. పిలకల దశలో వరి మీద తీసిన డ్రోన్ ఫొటోలు ఎవరి దగ్గరైనా పూర్తి సెట్ ఉంటే పంచుకోండి. శిక్షణ రోజుల్లో వాన పట్టుకుంటే మావాళ్లు వాటితో సాధన చేస్తారు.