పెన్‌డ్రైవ్‌లో లినక్స్: టైప్ చేసిందంతా పోతోంది, నిలబెట్టుకోవడం ఎలా?

తనయ_ఒడ్డున (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నేను ఇక్కడ ఒక జెరాక్స్, డీటీపీ షాపులో పని చేస్తున్నాను. చదువంతా ఒడియాలోనే సాగింది. తెలుగు రాయడం, చదవడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మా తాతయ్య నౌపడ–గుణుపురం చిన్న రైలు లైనులో గ్యాంగ్‌మన్‌గా పని చేశారు. పట్టాల మీద ఏ ఏడాది ఎక్కడ గండి పడింది, ఏ స్టేషన్‌లో ఎవరు టీ ఇచ్చేవారు, అన్నీ 84 పేజీల నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు. 2004లో ఆ నేరో గేజి బళ్లు ఆగిపోయాక ఇంకేమీ రాయలేదు. ఆ పుస్తకం అంచులు ఇప్పుడు పొడిపొడిగా రాలిపోతున్నాయి. అందుకే పూర్తిగా టైప్ చేసి పెట్టాలనుకున్నాను.

మా ఇంట్లో లాప్‌టాప్‌కి హార్డ్ డిస్క్ పోయింది. 4 జీబీ ర్యామ్, మిగతాదంతా బాగానే ఉంది. షాపులో విండోస్ కంప్యూటర్ ఉంది కానీ దాంట్లో కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయవద్దని ఓనరు చెప్పారు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి వాడుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. దాంతో 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ మింట్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే సిస్టమ్) ఎక్కించాను. రెండు చోట్లా చక్కగా బూట్ అయింది. సంతోషంగా మూడు రోజులు షట్‌డౌన్ చేయకుండా, లాప్‌టాప్ మూత మాత్రం మూస్తూ, 14 పేజీలు టైప్ చేశాను. నాలుగో రోజు ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఒక్క ఫైలు కూడా లేదు. డాక్యుమెంట్స్‌లో సేవ్ చేసిన మాట నిజం. ఏడుపొచ్చింది. నా తప్పు ఎక్కడుంది? రెండు చోట్లా ఒకే డెస్క్‌టాప్, నా ఫైళ్లు, నా కీబోర్డ్ సెట్టింగులు ఉండేలా చేసుకోవచ్చా?

గుణుపురం_మాస్టారు (రాయగడ జిల్లా)

అమ్మా, ముందు ఒక మాట. తప్పు నీది కాదు. సేవ్ అన్నది నువ్వు సేవ్ చేశావు. అది ఎక్కడికి వెళ్లిందో నీకు ఎవరూ చెప్పలేదు. బళ్లో పిల్లలకు కంప్యూటర్లు నేర్పిన పదేళ్లలో ఈ దెబ్బ తిన్నవాళ్లను చాలామందిని చూశాను.

నువ్వు చేసింది లైవ్ పెన్‌డ్రైవ్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నేరుగా నడిచేది. దాంట్లో అసలు సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఒకే పెద్ద ఫైలులో కుదించి ఉంటుంది. దాన్ని చదవడమే గాని, దాంట్లో రాయడం కుదరదు. మనం చేసే ప్రతి మార్పునూ ర్యామ్‌లో ఒక పొరగా దాని మీద పరుస్తుంది. మనకు చూడ్డానికి మామూలు ఫోల్డర్లాగే కనబడుతుంది. కరెంటు పోయిన క్షణంలో ఆ పొర కూడా పోతుంది. నువ్వు డాక్యుమెంట్స్‌లో పెట్టిన ఫైళ్లు మూడు రోజులూ ర్యామ్‌లోనే ఉన్నాయి.

ఆ పై పొరను ర్యామ్‌లో కాకుండా పెన్‌డ్రైవ్ మీదే ఒక పార్టిషన్‌లో, అంటే విడిగా కేటాయించిన భాగంలో, పెట్టించాలి. దీన్నే పర్సిస్టెన్స్ అంటారు. విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, దాన్ని ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, నేరుగా నడుస్తుంది. అయినా ఓనరుకు ఒక మాట చెప్పి వాడు. దాంట్లో ఉబుంటు అనే లినక్స్ రకం ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉండే ఒకే ఫైలు) ఎంచుకుంటే పర్సిస్టెంట్ పార్టిషన్ ఎంత కావాలని ఒక జరుపుడు పట్టీ వస్తుంది. అది సున్నా దగ్గర ఉంటే మళ్లీ నీ కథే. 4 జీబీ ర్యామ్‌కి ఉబుంటులో తేలిక రకమైన జుబుంటు సరిపోతుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ కొనుక్కుని, 20 జీబీ దాకా ఆ పర్సిస్టెంట్ పార్టిషన్‌కు ఇవ్వు. రూఫస్ పెన్‌డ్రైవ్‌ను మొత్తం చెరిపేస్తుంది, అందులో ముఖ్యమైనవి ఉంటే ముందే తీసేయి.

తయారయ్యాక వెంటనే నోటుబుక్కు మొదలుపెట్టకు. ఒక ఖాళీ ఫైలు సేవ్ చేసి, పద్ధతిగా షట్‌డౌన్ చేసి, మళ్లీ బూట్ చేసి, ఆ ఫైలు ఉందా లేదా చూడు. ఉంటేనే పని మొదలుపెట్టు.

ఇంకొకటి. అప్‌డేట్ మేనేజర్ మొత్తం సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేస్తానంటే ఒప్పుకోకు. కింద ఉన్న పాత ఫైళ్లు ఎప్పటికీ చెరగవు, కొత్తవి పై పొరలో చేరుతూ పోతాయి. చోటు ఊరికే నిండిపోతుంది. బ్రౌజర్ లాంటివి ఒకటీ అరా చేసుకో, చాలు.

షాపు కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే బూట్ కానిచ్చే కాపలా సెట్టింగు) ఆపనక్కర్లేదు. ఉబుంటు రకాలు అది ఉండగానే బూట్ అవుతాయి. అక్కడ బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉండి, నువ్వు సెక్యూర్ బూట్ మార్చావంటే, తర్వాత విండోస్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో ఓనరుకు గుర్తు లేకపోతే గొడవ నీ మెడకు చుట్టుకుంటుంది. లినక్స్‌లో ఉన్నప్పుడు విండోస్ డిస్క్ కూడా కనబడుతుంది. దాన్ని తెరవకు.

బరంపురం_రిపేరు (గంజాం జిల్లా)

మాస్టారు చెప్పింది సరైనదే. కానీ చెల్లీ, నువ్వు రోజూ గంటల తరబడి వాడతావు కాబట్టి నేను వేరే దారి చెబుతాను. మామూలు పెన్‌డ్రైవ్‌లు పెద్ద ఫైళ్లు చదవడంలో ఫర్వాలేదు గాని, చిన్న చిన్న ముక్కలు రాయాల్సి వస్తే నత్తలా నడుస్తాయి. బ్రౌజర్ తెరిస్తే జరిగేది అదే. నా బల్ల మీదికి చచ్చిపోయి వచ్చేవాటిలో చవక పెన్‌డ్రైవ్‌లు ఎక్కువ.

చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఒకటి, దానికి యూఎస్‌బీ డబ్బా ఒకటి తీసుకో. అందులో లినక్స్‌ను పూర్తిగా ఇన్‌స్టాల్ చేసేయి. అప్పుడు పొరల గొడవ ఉండదు, అప్‌డేట్లూ మామూలుగా చేసుకోవచ్చు. ఇలా చేసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బూట్‌లోడర్, అంటే ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం, యూఎస్‌బీలోకి కాకుండా కంప్యూటర్ లోపలి డిస్క్‌లోకి వెళ్లిపోతుంది. తర్వాత యూఎస్‌బీ తీసేస్తే ఆ కంప్యూటర్‌కు కష్టం, వేరే కంప్యూటర్‌లో యూఎస్‌బీ బూట్ కాదు. కాబట్టి షాపు కంప్యూటర్ మీద ఇన్‌స్టాల్ చేయొద్దు. మీ ఇంట్లో లాప్‌టాప్‌కి డిస్క్ ఎలాగూ పాడైంది కదా? దాన్ని విప్పి తీసేసి, అక్కడ ఇన్‌స్టాల్ చెయ్యి. లోపల డిస్కే లేకపోతే బూట్‌లోడర్ తప్పుదారి పట్టే వీలుండదు.

సిరొంచ_రైతుబిడ్డ (గడ్చిరోలి జిల్లా)

నా అనుభవం ఒకటి. నా దగ్గర 2 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ ఉంది, దాని మీద పప్పీ లినక్స్ వాడుతున్నాను. బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన సిస్టమ్ అది. చాలా చిన్నది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది. మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు సేవ్ ఫైలు చేయమంటావా అని అదే అడుగుతుంది. నాకు నచ్చింది ఆ అడగడమే. అయితే తెలుగు ఫాంట్లు, కీబోర్డు మనమే పెట్టుకోవాలి, దానికే నాకు రెండు రోజులు పట్టింది. అక్కా, నీకు 4 జీబీ ఉంది కాబట్టి మాస్టారు చెప్పిందే మేలు.

తనయ_ఒడ్డున

మాస్టారూ, పెన్‌డ్రైవ్ కొని మీరు చెప్పినట్టే చేశాను. ఖాళీ ఫైలు నిలబడింది! రీస్టార్ట్ చేసి మూడుసార్లు చూసుకున్నాను. అన్నయ్యా, ఎస్‌ఎస్‌డీ వచ్చే నెల జీతం అందాక కొంటాను.

కీబోర్డులో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరు మీటల అమరిక) పెట్టుకున్నాను. తెలుగులో క ఏ మీట మీద ఉందో ఒడియాలో క కూడా అదే మీట మీద ఉంది. తాతయ్య మధ్యలో ఒడియా పేర్లు ఒడియా లిపిలోనే రాశారు, చేతులు ఆపకుండా భాష మార్చి కొట్టేస్తున్నాను. షాపులో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు కొట్టడం మాత్రమే అలవాటైన నాకు ఇది ఎంత హాయిగా ఉందో!

కానీ ఒక టెన్షన్. నేను లినక్స్ వాడి వెళ్లాక విండోస్‌లో గడియారం 5 గంటల 30 నిమిషాలు వెనక్కి వెళ్లింది. బిల్లుల మీద టైము తప్పు పడుతోందని ఓనరు కోప్పడ్డారు.

గుణుపురం_మాస్టారు

అది నీ పెన్‌డ్రైవ్ పనే. మదర్‌బోర్డు మీద ఉన్న గడియారంలో విండోస్ మన భారత కాలాన్ని పెడుతుంది. లినక్స్ అందులో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక కాలం, పెడుతుంది. రెంటికీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్ ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుని, ఆ గడియారాన్ని యూటీసీకి మార్చి వెళ్తోంది. టెర్మినల్‌లో ముందు సుడో అని పెట్టి, టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశానికి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇవ్వు (sudo timedatectl set-local-rtc 1). అది ఒక హెచ్చరిక చూపిస్తుంది, భయపడకు. పర్సిస్టెన్స్ ఉంది కాబట్టి ఆ సెట్టింగు నిలుస్తుంది. విండోస్‌లో టైమ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఒకసారి సింక్ కొట్టి, ఓనరుకు విషయం చెప్పు.

ఇంకా, ఆ ఫైలు కాపీ ఇంకో చోట ఉందా?

తనయ_ఒడ్డున

గడియారం సరిపోయింది మాస్టారూ. రోజూ సాయంత్రం ఫైలును నా మెయిల్‌కే పంపుకుంటున్నాను, పాత 16 జీబీలో కూడా ఒక కాపీ వేస్తున్నాను. పోయిన 14 పేజీలూ మళ్లీ కొట్టేశాను. ఈ రోజు 31వ పేజీ. వంశధారకు వరద వచ్చి బండి రెండు రోజులు కదలకపోతే స్టేషన్‌లోనే వంట చేసుకున్న సంగతి ఉంది అందులో.