తాతగారి కాటిసీను క్యాసెట్టులో ఉన్న జీవం నా ల్యాప్‌టాప్ రికార్డింగులో ఎందుకు లేదు?

కందుకూరు కుర్రాడు (ప్రశ్న)

మా తాతగారు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. మొన్న అటక సర్దుతుంటే రేకుపెట్టె నిండా ఆయన క్యాసెట్లు దొరికాయి. ఒకదాంట్లో తిరునాళ్లలో ఆడిన కాటిసీను ఉంది. హరిశ్చంద్రుడు రాగం తీసి ఆపగానే జనం వన్స్‌మోర్ అని కేకలు. వెనక టేపు బుస వినిపిస్తూనే ఉంది, అయినా ఒళ్లు జలదరించింది.

అదే పద్యం నేను నా గదిలో కండెన్సర్ మైకు, ల్యాప్‌టాప్ పెట్టుకుని, తంబురా యాప్ శ్రుతికి పాడి రికార్డు చేశాను. కడిగిన ముత్యంలా ఉంది, ప్రాణం మాత్రం లేదు. టేపు నాదం తెప్పించే ప్లగిన్లు (రికార్డింగు సాఫ్ట్‌వేరుకు తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయట, కొనమంటారా? ఈ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతి కూడా చెప్పండి.

ఒంగోలు పాత రికార్డిస్టు

ప్లగిన్ జోలికి పోకు నాయనా. ఆ డబ్బుతో మంచి క్యాసెట్ డెక్కు ఒకటి కొని బాగు చేయించుకో.

ఒంగోలులో నాకు చాలా కాలం క్యాసెట్ల షాపు ఉండేది. వెనక గదిలో గోడల నిండా కోడిగుడ్ల అట్టలు (వాటితో వీధిలో లారీ హారన్ ఆగదు, గదిలో మారుమోత కాస్త తగ్గుతుంది, అంతే). రెండు మైకులు, ఒక చిన్న మిక్సరు, ఒక డెక్కు. బుర్రకథ దళాలు, భజన బృందాలు వచ్చి అక్కడే రికార్డు చేయించుకునేవి. బుర్రకథలో వంతల డక్కీలు ఒక్కసారి మీద పడ్డాయంటే కథకుడి మాట వినపడదు. తర్వాత తగ్గించుకుందామంటే గొంతూ డక్కీ కలిసే టేపు మీదికి ఎక్కి ఉంటాయి. అందుకని మనుషులనే జరిపేవాడిని. కథకుడు మైకుకు జానెడు దూరంలో, వంతలు వెనక గోడకు ఆనుకుని. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఎంత ఆవేశం వచ్చినా ఇది దాటవద్దని చెప్పేవాడిని. యుద్ధఘట్టం వచ్చేసరికి దాటేవాళ్లు, మళ్లీ మొదటి నుంచి. మా మిక్సింగు అదే.

మద్రాసు స్టూడియోల హంగు వేరు కానీ తంతు ఇదే. మొదట్లో వాద్యబృందం, గాయకులు ఒకేసారి పాడి వాయించాల్సిందే. తర్వాత రెండంగుళాల టేపు మీద 24 ట్రాకులు వచ్చాయి. అప్పుడు గొంతు వేరుగా, వయొలిన్లు వేరుగా పట్టుకోవడం కుదిరింది. అయినా సెకనుకు 30 అంగుళాల వేగంతో నడిపితే 2,500 అడుగుల రీలు పదహారు నిమిషాల్లో అయిపోతుంది. ముక్క తీసేయాలంటే బ్లేడుతో టేపును ఏటవాలుగా కోసి అతికించాలి. అంత ఖర్చు, అంత తంటా కాబట్టి ఏది ఎంత వినపడాలో పాడకముందే తేల్చుకునేవారు. ఇప్పుడు ఆ తేల్చుకోవడాన్ని ఎన్నాళ్లైనా వాయిదా వేయవచ్చు. నా దృష్టిలో వచ్చిన మార్పంతా అదే, మిగతావన్నీ పెట్టెల పేర్లు.

ఆ క్యాసెట్టు మళ్లీ విను. వేషధారి ఊపిరి తీసుకునే చోట మీ తాతగారు స్వరం వదలకుండా పట్టుకుని ఉంటారు. ఆయన ఎంతసేపు పట్టుకోవాలో అవతలి మనిషి ముఖం చూసి తెలుసుకున్నారు. నీ తంబురా యాప్ నీ ముఖం చూడదు కదా.

ఇక ఎక్కించే పని. డెక్కులో టేపును తాకి శబ్దాన్ని చదివే హెడ్ పక్కన స్ప్రింగుతో చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్టు నడుస్తుండగానే అయస్కాంతం లేని సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని వెంట్రుకవాసి తిప్పు. స, శ అక్షరాలు, తాళాల గలగల ఎక్కడ తేటగా వినపడితే అక్కడ ఆపు. రికార్డు చేసిన డెక్కులో హెడ్ ఎటు వాలి ఉందో ఇక్కడా అటే వాలాలి. కాబట్టి ప్రతి క్యాసెట్టుకూ ఇది మళ్లీ చూసుకోవాలి. ఇక్కడ పోయిన తేటదనాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు.

నెల్లూరు మూలాపేట

పెద్దాయన చెప్పిన స్క్రూ సంగతి బంగారం. మిగతాదానితో నాకు పేచీ ఉంది.

సార్, ఆ రోజుల్లో సినిమా స్థాయిలో పాట రికార్డు చేయాలంటే మా నెల్లూరు వాళ్లు మద్రాసు రైలెక్కాల్సిందే. స్టూడియో అద్దె ఇచ్చుకోగలిగినవాళ్లు ఎందరు? 1983లో మిడి అనే ఉమ్మడి పద్ధతి వచ్చాక వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. 1990ల మొదట్లో వీహెచ్ఎస్ లాంటి క్యాసెట్టు మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు పట్టే ఆడాట్ అనే యంత్రం వచ్చింది. ఇప్పుడు నేను మూలాపేటలో మేడమీద గదిలో కూర్చుని భక్తిగీతాలు పూర్తి చేసి ఇస్తున్నాను. నెల్లూరు వాళ్లం మావాడని చెప్పుకునే బాలుగారు 1966లో సినిమా పాట మొదలుపెట్టి మోనో టేపు నుంచి కంప్యూటర్ దాకా అన్నిటి ముందూ పాడారు. యంత్రం మారిందని ఆయన పాట చెడలేదు కదా.

వాయిదా వేయడం గురించి మీరన్నదానితో మాత్రం, 1997లో వచ్చిన ఆటోట్యూన్ (పాడినదాన్ని శ్రుతికి సరిచేసే సాఫ్ట్‌వేరు) విషయంలో ఏకీభవిస్తాను. పాడటానికి వచ్చినవాళ్లు పల్లవి పూర్తి కాకుండానే ‘తర్వాత సరిచేస్తారుగా’ అంటున్నారు. పద్యానికి దాన్ని తగిలిస్తే గమకాలను తప్పుడు స్వరాలనుకుని చదును చేసేస్తుంది. కుర్రాడూ, నీ రికార్డింగు మీద అది వేసి ఉంటే ముందు తీసేయ్.

క్యాసెట్లు ఎక్కించేటప్పుడు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు పెట్టుకో. మోత ఎంతుందో చూపే మీటరు సున్నాను తాకనివ్వకు. టేపు మీద మోత పెరిగితే శబ్దం మెల్లగా చెదురుతుంది, కంప్యూటర్‌లో సున్నా దాటిందంటే అక్కడికక్కడ తెగిపోతుంది. బుస తగ్గించే పని కాపీ మీద చెయ్యి, అసలు ఫైలును ముట్టుకోకు.

కందుకూరు కుర్రాడు

ఆటోట్యూన్ ఉంది, కొద్దిగానే. తీసేస్తాను. ఊళ్లో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరున్నారు, ఆయన్ను ఇంటికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడతాను. ఇంకొక్క సందేహం: కొన్ని క్యాసెట్లలో టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలున్నాయి. వాటినీ ఎక్కించవచ్చా?

ఒంగోలు పాత రికార్డిస్టు

అది బూజు. వాటిని డెక్కులో పెట్టకు, హెడ్‌కు అంటుకుని మంచి క్యాసెట్లకు కూడా ఎక్కుతుంది. వేరే సంచిలో కట్టి పక్కన ఉంచు, శుభ్రం చేసే పని తెలిసినవాళ్లకే ఇవ్వు. మిగతావి ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి చుట్టు, ఏళ్ల తరబడి బిగుసుకున్న చుట్టలు వదులవుతాయి. క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టడం మరచిపోకు. అవి ఉంటే, పొరపాటున రికార్డు మీట నొక్కితే మీ తాతగారి మీద నీ గొంతు పడుతుంది.

మూలాపేట అబ్బాయికి: నీ మాటా కాదనను, ఆ అద్దెలు భరించలేకనే మేము గదులకు గుడ్ల అట్టలు కొట్టించుకున్నాం. కందుకూరు నాయనా, డెక్కు కొన్నాక ఏ మోడలో ఇక్కడ రాయి. బెల్టు సాగిపోయి ఉంటే ఎంత కొలతది వేయాలో చెబుతాను.