గాలి సోకిందనుకున్నాం, తీరా చూస్తే యాంటీబాడీలు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా అయిందా?

కావలి అన్న:
పోయినేడు రొట్టెల పండక్కి నెల ముందు, 22 ఏళ్ల మా చెల్లెలు ఉన్నట్టుండి నిద్ర మానేసింది. ఫోన్లో ఎవరో వింటున్నారని సిమ్ పీకి బియ్యం డబ్బాలో దాచింది. గాలి సోకిందని పెద్దమ్మ కసుమూరు దర్గాకి తీసుకెళ్లింది, అక్కడినుంచి నెల్లూరులో మానసిక వార్డు. మందులు పడ్డాక ఇంకా బిగుసుకుపోయింది, ఏదో నములుతున్నట్టు నోరు ఊరికే ఆడేది, పదో రోజు ఫిట్స్. అప్పుడు న్యూరాలజీ డాక్టరొకాయన వెన్నులో నీరు తీయించి పరీక్షకు పంపితే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీ పాజిటివ్. అంటే రోగాల మీద పోరాడాల్సిన యాంటీబాడీలే పొరపాటున మెదడు కణాల మీద పడి వాపు తెచ్చాయన్నమాట. 2007లో డాల్మావ్ అనే న్యూరాలజీ డాక్టరు బృందం బయటపెట్టిన జబ్బంట. స్కాన్‌లో అండాశయంలో టెరటోమా గడ్డ కనిపించింది, ఆ యాంటీబాడీలు పుట్టడానికి అదే కారణమంట. అది తీసేసి, స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, నరంలోకి ఎక్కిస్తారు) ఇచ్చారు. మామూలు మనిషి కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆసుపత్రి రోజులు దానికి ఒక్క ముక్క గుర్తు లేవు. అప్పుడు ఆరోగ్య రొట్టె పట్టిన మా అమ్మ ఈ ఏడు చెరువు దగ్గర రొట్టె వదిలొచ్చింది, గడ్డ తీసిన డాక్టరుకి మాత్రం స్వీటు బాక్సే!

దర్శి అమ్మ:
మా బాబుకి ఐదేళ్లు, ఆటిజం. ఒక సెంటర్ వాళ్లు ఐవీఐజీ ఎక్కిస్తే మాటలొస్తాయంటున్నారు. మా ఆయన పొలం అమ్ముదామంటున్నాడు. ఒకటే టెన్షన్.

ఒంగోలు ల్యాబ్:
అక్కా, పొలం జోలికి పోవద్దు. ఆ అమ్మాయిది వారాల్లో ముదిరిన మెదడు వాపు, మీ వాడిది పుట్టుకతో వచ్చిన తీరు, రెంటినీ ఒక గాటన కట్టకూడదు. ఆటిజంలో ఎక్కువగా వినపడేది ఫోలేట్ రిసెప్టర్ యాంటీబాడీలు, అంటే ఫోలేటు అనే బి విటమిను మెదడులోకి పోయే దారికి అడ్డుపడేవి. 2013లో వచ్చిన ఫ్రై అనే డాక్టరు పరిశోధనలో ఆటిజం ఉన్న 93 మంది పిల్లల్లో 75 శాతానికి ఉన్నాయి, కాకపోతే ఆటిజం లేని తోబుట్టువుల్లోనూ కనిపిస్తాయి. 2018లో ఆటిజం ఉన్న 48 మంది పిల్లల్లో కొందరికి 12 వారాలు ఫోలినిక్ యాసిడ్ (ఫోలేటులో ఒక రకం), మిగతావాళ్లకి ఉత్తుత్తి మందు ఇచ్చి చూస్తే, మందు పడ్డవాళ్లకి మాట కొంత మెరుగైంది. ఆ ట్రయల్ చిన్నది. షాపులో దొరికే ఫోలిక్ యాసిడ్ బిళ్ల వేరు, డాక్టర్ని అడక్కుండా ఏదీ వేయొద్దు.

కనిగిరి నాన్న:
పాలు మానిపిస్తే ఆ యాంటీబాడీలు తగ్గుతాయని చదివి మూడు నెలలు గేదె పాలు ఆపేశాం. మావాడు చిక్కిపోయాడు, మాటలో తేడా ఏం లేదు. అందరికీ ఇంతేనని అనను.

దర్శి అమ్మ:
తల్లి రక్తంలో యాంటీబాడీల వల్ల కూడా వస్తుందని వీడియోలో చూశా. నా వల్లేనా?

ఒంగోలు ల్యాబ్:
కాదక్కా. కాలిఫోర్నియాలో 2008లో ఆటిజం పిల్లల తల్లులు 61 మందిని చూస్తే, పిండం మెదడు ప్రోటీన్లను పట్టే ఆ రకం యాంటీబాడీల జత ఏడుగురిలోనే ఉంది. ఉన్నా అది ఒంట్లో తయారయ్యేది, మీరు తిన్నదాని వల్లో చేసినదాని వల్లో కాదు. రాత్రిపూట ఆ వీడియోలు మానేయండి.

దర్శి అమ్మ:
సరే తమ్ముడూ. సోమవారం పోయి, ఏ రిపోర్టు చూసి ఐవీఐజీ రాశారో కాగితం మీద రాసిమ్మంటా.