అప్‌డేట్: దస్తావేజులోని ‘సీఎస్పీ రోడ్డు’ ఏదో తేలింది

ఆమదాలవలస దగ్గర మా తాతగారి పొలానికి పాత దస్తావేజులో తూర్పు హద్దు ‘సీఎస్పీ రోడ్డు’ అని ఉంది, అదేంటని ఇక్కడ అడిగాను. కళింగపట్నం–శ్రీకాకుళం–పార్వతీపురం రోడ్డు అని చెప్పినవారి మాటే నిజమైంది. చాలా థ్యాంక్స్ అండీ, పెద్ద టెన్షన్ తీరింది. పాత ఇంగ్లీషు స్పెల్లింగులో కళింగపట్నం ‘సి’తో మొదలయ్యేదట, అందుకే ఆ పేరు.

సర్వేయర్ గారు ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే వాళ్ల పొలం కొలతల పటం) పరిచి, మా గట్టు పక్కన రోడ్డు గీత మీద వేలు పెట్టి మరీ చూపించారు. శ్రీకాకుళంలో మనం పాలకొండ రోడ్డు అనేది దీన్నే. పాలకొండ వెళ్తే అక్కడివాళ్లకు ఇదే శ్రీకాకుళం రోడ్డు! అక్కడి నుంచి వీరఘట్టం మీదుగా పార్వతీపురం పోతుంది.

స్టేట్ హైవే నంబరు మాకు అవసరం పడలేదు, దస్తావేజులో నంబరే లేదు. కొందరు చెప్పిన సీఆర్ఆర్ రోడ్డు వేరు. అది చిలకపాలెం నుంచి రాజాం, రామభద్రపురం మీదుగా రాయగడ వెళ్లేది. ఏబీ రోడ్డంటే అలికాం–బత్తిలి, అదీ కాదు.

కొత్త దస్తావేజులో ‘సీఎస్పీ రోడ్డు అనబడు పాలకొండ రోడ్డు’ అని రెండు పేర్లూ రాయించాం.