ఏడు రోజుల కొండల సైకిల్ రేసు, జంట కేటగిరీ: బావ నాకంటే చాలా స్పీడు, పూర్తి చేయగలమా?

గుంటూరు_రైడర్:
అక్టోబరులో హిమాచల్‌లో ఒక మౌంటెన్ బైక్ రేసు ఉంది, నేనూ మా బావా కలిసి జంట కేటగిరీలో పేర్లిచ్చాం. ఏడు రోజులు, రోజుకి 60 నుంచి 80 కిలోమీటర్లు, నాలుగో రోజు జలోరీ పాస్ (కొండల మీద కనుమ) ఎక్కాలి, అది 3,120 మీటర్ల ఎత్తు. ఇద్దరం కలిసే ఫినిష్ దాటాలి, ఒకరు ఆగిపోతే రెండోవాళ్ల టైము కూడా లెక్కలోకి రాదు. సమస్యల్లా బావ చాలా స్ట్రాంగ్. కొండవీడు ఘాట్‌లో నేను సగం ఎక్కేసరికి తను పైన నిలబడి ఫోన్ చేస్తాడు, "ఎక్కడున్నావ్ బామ్మర్దీ" అని. ప్రేమగానే అడుగుతాడు గానీ ఆ ఫోన్ మోగితే చాలు నాకు కాళ్లు చచ్చుబడిపోతాయి. నాకు 41 ఏళ్లు. కరకట్ట మీద వంద కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా తొక్కుతాను, కానీ వరసగా ఏడు రోజులు ఎప్పుడూ తొక్కలేదు. నా వల్ల తన రేసు కూడా పోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇలా ఇద్దరు కలిసి పూర్తి చేసినవాళ్లు ఉంటే స్పీడు తేడా ఎలా సర్దుకున్నారో చెప్పండి.

బెజవాడ_పెడల్:
తమ్ముడూ, నేను విజయవాడ. ఇలాంటి రేసుకే మా ఫ్రెండుతో రెండుసార్లు వెళ్లాను, మొదటిసారి మూడో రోజే ఇంటిదారి పట్టాం. అప్పుడు స్పీడుగా తొక్కేవాణ్ని నేనే, కాబట్టి మీ బావ వైపు నుంచి చెబుతా.

మొదటి రెండు రోజులూ ఎత్తు వచ్చినప్పుడల్లా నేను ముందు వెళ్లిపోయి మలుపు దగ్గర ఆగేవాణ్ని, వాడు రొప్పుకుంటూ రాగానే మళ్లీ బయల్దేరేవాణ్ని. అంటే నాకు ఐదు నిమిషాల రెస్టు, వాడికి అర నిమిషం కూడా లేదు. నన్ను అందుకోవాలని శక్తికి మించి తొక్కాడు, తినడానికి ఆగితే నేను ఇంకా ఎదురుచూడాల్సి వస్తుందని మొహమాటపడి తిండి కూడా మానేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఒక దేవదారు చెట్టు కింద కూర్చుని చేతిలో వేరుశనగ చిక్కీ పట్టుకుని ఉన్నాడు, కవరు చించడానికి వేళ్లు సహకరించట్లేదు, వణుకుతున్నాయి. నేను చించి నోట్లో పెట్టాను. కానీ ఆ చిక్కీ అప్పటికి రెండు గంటల కిందటే కడుపులో పడాల్సింది. ఆ తప్పు పూర్తిగా నాదే.

రెండోసారి లెక్క మార్చాం. ఎత్తులో వాడు ముందు, నేను వెనక, ఏ స్పీడులో వెళ్లినా సరే దాటకూడదు. చదునుగా ఉన్నచోట, ఎదురుగాలి ఉన్నచోట నేను ముందు, వాడు నా వెనక చక్రానికి దగ్గరగా గాలి తగలకుండా. వాడి పంపు, ట్యూబు, రెయిన్ కోటు అన్నీ నా బ్యాగులోనే. అరగంటకోసారి వాచీలో అలారం, మోగితే ఇద్దరం తినాలి, ఆకలి ఉన్నా లేకపోయినా. అలా ఏడు రోజులూ పూర్తి చేశాం.

దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్ కూడా ఇద్దరి రేసే, అక్కడ జంట మధ్య రెండు నిమిషాలకు మించి తేడా వస్తే పెనాల్టీ వేస్తారు. మీ రేసులో ఆ రూలు ఉన్నా లేకపోయినా మీరిద్దరూ ఇప్పట్నుంచే పెట్టుకోండి. ఇంకోటి, శనివారం నాలుగు గంటలు, ఆదివారం మళ్లీ నాలుగు గంటలు తొక్కండి, ఆదివారం పొద్దున బరువెక్కిన కాళ్లతో ఎక్కడమే మీకు కావలసిన అలవాటు. వీలుంటే ఒకసారి శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఘాట్ ఎక్కి రండి, మన దగ్గరున్న గుట్టలు పది నిమిషాల్లో అయిపోతాయి, అవి సరిపోవు.

తెనాలి_సైకిల్:
అందరూ ఎక్కడం గురించే ఆలోచిస్తారు, దిగడం మర్చిపోతారు. అక్కడ గంట సేపు దిగుడే ఉంటుంది. బ్రేకు పట్టుకునే దిగితే డిస్కు కాలిపోతుంది, మలుపు ముందు గట్టిగా పట్టి వదిలేయాలి. వాన పడి బురదైతే బ్రేకు ప్యాడ్లు ఒక్క రోజులో అరిగిపోవచ్చు, గరగరమని ఇనుము రాసుకున్న చప్పుడు వచ్చేదాకా ఆగొద్దు. ఇద్దరి బైకులకీ ఒకే రకం ప్యాడ్లు, ఒకే సైజు ట్యూబులు ఉండేలా చూసుకోండి, ఒకరి స్పేరు ఇంకొకరికి పనికొస్తుంది. గేర్ల విషయంలో ముందు పళ్లచక్రానికి 30 పళ్లు, వెనక పెద్దదానికి 50 పళ్లు ఉంటే ఎత్తులో మీకు హాయి.

కృష్ణవేణి_తీరం:
నేను మా ఆయనతో మిక్స్‌డ్ కేటగిరీలో చేశానండీ. పైవాళ్లు చెప్పనిది ఒకటి చెబుతాను. మనం సముద్రమట్టానికి ముప్పై నలభై మీటర్ల ఎత్తులో బతికేవాళ్లం. 3,000 మీటర్ల దగ్గర గాలి పీడనం కింద ఉన్నదానికంటే 30 శాతం దాకా తక్కువ, కాబట్టి మీ బావగారు కూడా అక్కడ కొండవీడు స్పీడులో ఎక్కలేరు. స్ట్రాంగ్‌గా ఉన్నవాళ్లని ఎత్తు వదిలేస్తుందని అనుకోకండి, మా ఇద్దర్లో తలనొప్పి, వాంతులు వచ్చింది మా ఆయనకే. కనీసం మూడు రోజులు ముందే వెళ్లి ఉండండి. తలనొప్పి తగ్గకపోయినా, వాంతి వచ్చినట్టున్నా దాచకుండా చెప్పుకుని కిందికి దిగిపోవాలి, అక్కడ పట్టుదల పనికిరాదు.

మేమొక అలవాటు పెట్టుకున్నాం. గంటకోసారి నేను "ఎంత?" అంటాను, ఒంట్లో ఎంత ఓపిక మిగిలిందో తను పదికి ఒక అంకె చెప్పాలి, తర్వాత నేను చెప్పాలి. నాలుగు అంటే స్పీడు తగ్గించి తింటాం. వాదన ఉండదు. "బానే ఉన్నాను" అనే మాట మాత్రం నిషేధం, మా గొడవలన్నీ ఆ మాట దగ్గరే మొదలయ్యేవి.

చలి సంగతి కూడా. చెమటతో తడిసిన జెర్సీతో పాస్ నుంచి దిగుతుంటే వేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టుకున్నానో లేదో కూడా తెలియలేదు. పైన టీ కొట్టాయన పాత హిందీ పేపరు ఇచ్చి గుండెల మీద జెర్సీలోపల పెట్టుకోమన్నాడు. కిందికి వచ్చి తీస్తే పేపరు ముద్దయిపోయింది కానీ గుండెలకు చలి తగల్లేదు. వేళ్లన్నీ కప్పే గ్లవ్స్ మాత్రం తప్పకుండా కొనండి.

గుంటూరు_రైడర్:
అందరికీ చాలా థాంక్స్. బెజవాడ అన్న రాసింది బావకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నువ్వు పైకొచ్చేసరికి తిన్నావా అని ఒక్కసారి కూడా అడగలేదు కదరా నేను" అన్నాడు. ఈ ఆదివారం కొండవీడు మూడుసార్లు, మూడుసార్లూ నేనే ముందు. కృష్ణవేణి గారూ, బ్రేకు ప్యాడ్లు ఎన్ని జతలు పట్టుకెళ్లారు?

కృష్ణవేణి_తీరం:
బైకుకి మూడు జతలండీ. రెండు వాడాం.