అప్‌డేట్: నాన్న లెన్స్‌లో ఫంగస్ పోయింది, మచ్చ మిగిలింది

నాన్న వాడిన 50 ఎంఎం కెమెరా లెన్స్ లోపల సాలెగూడు దారాల్లా ఫంగస్ పట్టిందని, ఎండలో పెడితే పోతుందా అని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

శ్రీకాకుళం ఎండలో మూడు రోజులు పెట్టాను. దారాలు అలాగే ఉన్నాయి. ఎండకి ఫంగస్ చచ్చినా గాజు మీద నుంచి ఊడిపోదట. చివరికి విశాఖలో లెన్స్ విప్పించాను. మెకానిక్ గారు హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా కలిపి లోపలి అద్దాలు తుడిచారు. దారాలన్నీ పోయాయి. కానీ ఫంగస్ వదిలిన ఆమ్లం ఒక అంచున కోటింగ్‌ని (వెలుతురు అద్దం మీద పడి చెదరకుండా వేసే పల్చటి పూతని) తినేసింది. అది తిరిగి రాదు. మామూలు ఫోటోల్లో తేడా తెలియడం లేదు గానీ, కళింగపట్నం బీచ్‌లో సూర్యోదయం తీస్తే ఆ పక్కంతా తెల్లగా పొగ కమ్మినట్టు వచ్చింది. మనసు చివుక్కుమంది.

రెండు వానాకాలాలు తోలు సంచిలోనే ఉంచి బీరువాలో పెట్టేశాను, తప్పు నాదే. ఇప్పుడు గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్, తేమ మీటర్ పెట్టాను. 45 శాతం చూపిస్తోంది. పాత సంచి పారేశాను. ఆదివారం అమ్మ ఫోటో ఈ లెన్స్‌తోనే తీస్తాను.